మ్యూనిక్ వెళ్తున్నారా... టికెట్ మీద ముద్ర మరవకండి!

తాడేపల్లిలో మా వీధి మొదట్లో ఉండే పిన్నిగారూ బాబాయిగారూ వచ్చే నెల మ్యూనిక్ వెళ్తున్నారు. వాళ్లబ్బాయి అక్కడ ఎం.ఎస్. చేసి ఈమధ్యే ఉద్యోగంలో చేరాడు. నేను సెలవు మీద ఇంటికొచ్చానని తెలిసి ఓ సాయంత్రం ఇద్దరూ వచ్చారు. "నాలుగేళ్లుగా అక్కడే ఉంటున్నావుగా అమ్మాయ్, ఏం పట్టుకెళ్లాలో, ఎలా మసులుకోవాలో కాస్త చెప్పు" అన్నారు పిన్నిగారు. నేను నోరు తెరిచేలోపే నాన్న లోపల్నుంచి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ముందు ఆ టికెట్ సంగతి చెప్పు" అన్నారు. ఆ మాట వెనక ఓ కథ ఉంది.

టికెట్ ఉంది, ముద్ర లేదు

నాన్న ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నిరుడు వేసవిలో అమ్మా నాన్నా నా దగ్గరకు వచ్చినప్పుడు, ఓ రోజు ఆఫీసుకు వెళ్తూ స్టేషన్ మెషిన్‌లో నాన్నకు డే టికెట్ ఒకటి కొనిచ్చాను. "మారియన్‌ప్లాట్జ్‌లో దిగి గడియారం బొమ్మలు చూసి రండి" అని చెప్పాను. చెప్పాల్సిన అసలు ముక్క మర్చిపోయాను.

మ్యూనిక్ స్టేషన్లలో మన హైదరాబాద్ మెట్రోలో లాగా గేట్లు ఉండవు. నేరుగా నడిచి రైలెక్కేయొచ్చు. కానీ మెషిన్‌లో కొన్న కాగితం టికెట్‌ని ప్లాట్‌ఫాంకి వెళ్లే దారిలో ఉండే చిన్న నీలం పెట్టెలో దూర్చి, తేదీ, టైము ముద్ర వేయించుకోవాలి. బస్సుల్లో, ట్రాముల్లో అయితే ఆ పెట్టె లోపలే ఉంటుంది. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే లెక్క. జరిమానా 60 యూరోలు, మన డబ్బుల్లో దాదాపు ఆరు వేలు.

మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు తనిఖీవాళ్లు కార్డు చూపించి నాన్నను టికెట్ అడిగారు. ఆయన ధీమాగా తీసి ఇచ్చారు. వాళ్లు తిప్పి చూసి తల అడ్డంగా ఊపారు. ఆయనకు జర్మన్ రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. ప్లాట్‌ఫాం మీద నుంచి నాకు ఫోన్ చేశారు. "ఏమ్మా, నన్ను టికెట్ లేని ప్యాసింజరు అంటున్నారే" అన్నారు. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే.

డబ్బు నేను కట్టేశాను. తప్పు నాదేనని పదిసార్లు చెప్పాను. అయినా మూడు రోజులు ఆయన గడప దాటలేదు. పెద్దవాళ్లను పరాయి దేశం తీసుకెళ్లే పిల్లలు విమానం టికెట్, వీసా గురించి నెలల తరబడి చూసుకుంటాం. ఇంత చిన్న ముక్క చెప్పడం మాత్రం మరిచిపోతాం. అందుకే ఈ జాబితా.

బయల్దేరే ముందు

షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఖర్చులు మీ అబ్బాయో అమ్మాయో భరించేట్టయితే, అక్కడి విదేశీయుల కార్యాలయంలో పూచీ పత్రం తీసుకుని దాని ఒరిజినల్ మీకు పంపాలి. అపాయింట్‌మెంట్ వెంటనే దొరక్కపోవచ్చు, ముందే మొదలుపెట్టమనండి. వీసా ఎన్ని రోజులకిచ్చినా 180 రోజుల్లో 90కి మించి ఉండకూడదు. 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో పాస్‌పోర్టు మీద ముద్రకు బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకోవడం దశలవారీగా మొదలైంది. కాబట్టి దారిలో విమానం మారేటప్పుడు మధ్యలో టైము ఎక్కువ ఉండేట్టు చూసుకోండి. నడవలేని వాళ్లకు టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి, మొహమాటం వద్దు.

ఇక పచ్చళ్లు. ఆవకాయ, గోంగూర, కారప్పొడి నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు, సీలు గట్టిగా ఉండాలంతే. నాటుకోడి పచ్చడి, రొయ్యల పొడి పక్కపక్కనే సర్దేస్తారు చాలామంది. చేప, రొయ్య పరిమితికి లోబడి పర్లేదు కానీ, మాంసం, పాల పదార్థాలు ఇండియా నుంచి తేవడం నిషేధం. నెయ్యి కూడా అందులోకే వస్తుంది. మామిడి పళ్లు, పచ్చి కరివేపాకు లాంటివి 2019 డిసెంబరు నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస లాంటి ఒకటి రెండు పళ్లకే మినహాయింపు. మా అమ్మ తెచ్చిన నెయ్యి సీసా విమానాశ్రయంలోనే ఉండిపోయింది. "అంత మంచి నెయ్యి చెత్తబుట్టలోనా!" అని వారం రోజులు బాధపడింది. మీరు వేయించిన కరివేపాకు పొడి చేసి పట్టుకెళ్లండి.

బీపీ, షుగర్ మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి. అక్కడ మందుల షాపుకి ఎర్ర 'ఎ' అక్షరం గుర్తు. చీటీ లేకుండా యాంటీబయోటిక్ ఇవ్వరు. అత్యవసరమైతే 112కి ఫోన్ చేయాలి. ప్రాణం మీదికి రాని జ్వరం, నొప్పి లాంటివి రాత్రిళ్లో ఆదివారమో వస్తే 116117.

దిగాక

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎస్1, ఎస్8 రైళ్లు ముప్పావుగంటలోపే చేరుస్తాయి. ఇద్దరు, ముగ్గురు ఉంటే గ్రూప్ డే టికెట్ లాభం. అయిదుగురు దాకా వెళ్లొచ్చు, మర్నాడు ఉదయం ఆరింటి దాకా చెల్లుతుంది. ముద్ర మొదటిసారి ఎక్కేటప్పుడు ఒక్కసారి వేస్తే చాలు. ఫోన్‌లో కొన్న టికెట్‌కి ఆ పనే లేదు. కోటలు చూడ్డానికి ఊరి బయటకు వెళ్తే బవేరియా టికెట్ అడగండి. వారం రోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, స్పీడు రైళ్లలో చెల్లదు, ప్రయాణికుల పేర్లు దాని మీద ఉండాలి.

ఆదివారం కొట్లన్నీ మూత. మిగతా రోజుల్లోనూ సూపర్ మార్కెట్లు రాత్రి ఎనిమిదికల్లా కట్టేస్తారు. శనివారమే పాలు, కూరగాయలు తెచ్చుకోవాలి. పెద్ద స్టేషన్లో ఒకటీ అరా షాపులు తెరిచి ఉంటాయి. కొత్తిమీర, పచ్చిమిర్చి కావాలంటే మెయిన్ స్టేషన్‌కి దక్షిణం వైపు వీధుల్లో టర్కీ, అరబ్బు కొట్లున్నాయి.

ఆదివారాలు, రాత్రి పది దాటాక చప్పుడు చేయకూడదు. అమ్మ ఆదివారం పొద్దున్నే ఇడ్లీపిండికి మిక్సీ వేస్తే, కింది ఫ్లాటావిడ మెట్లెక్కి వచ్చింది. పిండి శనివారమే రుబ్బుకోండి.

కుళాయి నీళ్లు నిక్షేపంలా తాగొచ్చు. హోటల్లో మాత్రం మంచినీళ్లు ఊరికే పెట్టరు, కొనాలి. గ్యాస్ లేనిది కావాలంటే 'ష్టిల్లెస్ వాసర్' అనండి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయకండి, ఒక్కోదానికి 25 సెంట్లు సూపర్ మార్కెట్ మెషిన్‌లో తిరిగొస్తాయి. టాయిలెట్‌కి చిల్లర కావాలి. చిన్న కొట్లలో కార్డు తీసుకోరు, నోట్లు దగ్గరుంచుకోండి.

చూడాల్సినవి

మారియన్‌ప్లాట్జ్‌లో గడియారం బొమ్మలు రోజూ 11కి, 12కి ఆడతాయి. మార్చి నుంచి అక్టోబరు దాకా సాయంత్రం 5కి కూడా. పై వరుసలో 1568 నాటి రాచ పెళ్లి సంబరం, కింద పీపాలు చేసేవాళ్ల నాట్యం. జేబు జాగ్రత్త, అందరూ తల పైకెత్తి నిలబడే చోటది. ఇంగ్లిష్ గార్డెన్ 1789లో మొదలైన ఉద్యానవనం, నడిచే ఓపిక ఉండాలి. డహావ్‌లో 1933లో నాజీలు తెరిచిన నిర్బంధ శిబిరం ఇప్పుడు స్మారకం. ప్రవేశం ఉచితం. చిన్నపిల్లల్ని మాత్రం తీసుకెళ్లొద్దు.

మనవాళ్లకు బాగా నచ్చేది ఇంకోటుంది. అక్కడి సంప్రదాయ బీర్ గార్డెన్లలో గుడ్డ పరచని బల్లల దగ్గర మన తిండి మనం పట్టుకెళ్లి తినొచ్చు. తాగేది మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి. 1812లో రాజు ఇచ్చిన ఉత్తర్వు నుంచి వస్తున్న అలవాటిది. బీరే తాగాలని లేదు, ఆపిల్ రసం సోడా ఉంటుంది. అమ్మ చేసిన పులిహోర డబ్బా తెరిస్తే పక్క బల్ల మీది తాతగారు వాసన చూసి నవ్వాడు. అమ్మ ఓ ముద్ద ఆయన పళ్లెంలోనూ పెట్టింది.

వెళ్లడానికి మే నుంచి సెప్టెంబరు మధ్య వరకూ బాగుంటుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాకే పొద్దు గుంకుతుంది. ఎండాకాలమైనా ఒక జాకెట్, గొడుగు ఉండాలి. సెప్టెంబరు రెండో సగంలో అక్టోబర్‌ఫెస్ట్ మొదలవుతుంది, అప్పుడు హోటల్ గదులు ముట్టుకోలేం.

ఇవన్నీ బాబాయిగారు కాగితం మీద రాసుకున్నారు. అప్పటిదాకా ఊరుకున్న నాన్న లేచి, తన పర్సులోంచి ఓ చిన్న టికెట్ తీసుకొచ్చారు. గడప దాటని ఆ మూడు రోజుల తర్వాత, నాలుగో రోజు పొద్దున నాకు చెప్పకుండా ఒక్కరే వెళ్లి, మెషిన్‌లో కొని, నీలం పెట్టెలో తన చేత్తో ముద్ర వేయించుకున్న టికెట్ అది. ఇన్నాళ్లూ దాచుకున్నారని నాకూ తెలీదు.

"ఇదిగో, ఇక్కడ పడాలి ముద్ర" అని బాబాయిగారికి వేలు పెట్టి చూపించారు. తర్వాత నావైపు తిరిగి, కాస్త నిష్టూరంగా అన్నారు.

"ఆ రోజంతా నాలుగు రైళ్లెక్కాను. ఒక్కడన్నా అడిగాడా!"