అన్నం మానితే షుగరు తగ్గుతుందా?

“బువ్వ బంద్ జేసిన డాక్టర్ సాబ్, అయినా షుగర్ తగ్గలే!” బీబీపేట వైపు రోగులు తరచు అనే మాట ఇది. బువ్వకు బదులు ఏం తింటున్నారయ్యా అంటే, పూటకు నాలుగు జొన్నరొట్టెలు! జొన్నలో పీచు ఎక్కువ, మంచిదే. కాని అందులోనూ ఉన్నది పిండిపదార్థమే.

పిండిపదార్థం శత్రువు కాదు. గ్రాముకు 4 కేలరీల శక్తినిస్తుంది. మెదడు ముఖ్యంగా దానిమీదే ఆధారపడుతుంది. కావలసింది మితం. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. అన్నమైనా, రొట్టె అయినా కాస్త తగ్గించి, పప్పు, ఆకుకూర పెంచండి.

ఒక హెచ్చరిక. షుగరు మందులు వాడుతూ పూట భోజనం మానకండి. చెమటలు, వణుకు పుడితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. స్పృహ తప్పినవారికి నోట ఏమీ పోయక, ఆస్పత్రికి చేర్చండి.