గాలిలో ఎగరడానికి అర్హత: అల్ట్రాలైట్, జైరోప్లేన్‌ల సంగతి

పల్లెలలో పెద్దలు విమానాన్ని గాలిమోటారు అనేవారు. మేము ఇక్కడ వివరించబోయే చిన్న యానాలకు ఆ పేరు పెద్ద విమానాలకంటె బాగా తగుతుంది. ఒక కుర్చీ, ఒక ఇంజను, పైన రెక్క, చుట్టూ గాలి. వీటిని నడపడానికి ఏమి అర్హత కావలెను? తెలుగు బోధించే మాకు ఈ విషయంతో ఏమి పని అని విజ్ఞానశాస్త్ర విభాగంవారు నవ్వవచ్చును. నియమాలను చదివి వాటి అర్థం తేల్చడం భాషాధ్యాపకుల పని కాదా? అమెరికాలో ఈ నియమాలు విపులంగా ఉన్నవి. మన విద్యార్థులు పలువురు చదువులకై అక్కడికి వెళ్లుతున్నారు. కనుక ఆ దేశపు పద్ధతినే తీసుకొన్నాము.

అక్కడి సమాఖ్య విమానయాన సంస్థ 1982లో తన నిబంధనలలో 103వ భాగాన్ని చేర్చింది. దాని ప్రకారం ఇంజను గల అల్ట్రాలైట్‌లో ఒక్కరే కూర్చోవలెను. ఖాళీ బరువు 254 పౌండ్లకు, అనగా సుమారు 115 కిలోలకు లోబడి ఉండవలెను. ఇంధనం 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు మించరాదు. పూర్తి శక్తితో సమతలంగా ఎగిరినా వేగం 55 నాట్లు, అనగా గంటకు సుమారు 102 కిలోమీటర్లు దాటరాదు. రెక్క గాలిపై పట్టు కోల్పోయే వేగాన్ని స్టాల్ వేగం అంటారు. అది 24 నాట్లకు మించరాదు.

ఈ హద్దులలో ఉన్నదానిని చట్టం విమానమని పిలవదు, వాహనమని పిలుస్తుంది. ఆ ఒక్క మాటతో ఎన్నో నిర్బంధాలు తొలగిపోతున్నవి. నడిపేవానికి ధ్రువపత్రం అక్కరలేదు, వైద్యపరీక్ష లేదు, వయోనియమం సైతం లేదు. పగటివేళ మాత్రమే ఎగరవలెను, పట్టణాలపైన, జనసమూహాలపైన ఎగరరాదు, కిరాయికి వాడరాదు. ఇంత స్వేచ్ఛ ఉన్నచోట ఒక చిక్కు కూడా ఉన్నది. కుర్చీ ఒక్కటే కనుక పక్కన గురువు కూర్చోలేడు. ఆ వాహనంలో మొదటిసారి ఎగరడమే ఒంటరిగా ఎగరడం! అందుచేత వివేకం గలవారు చట్టం అడగకపోయినా ముందుగా రెండు కుర్చీల విమానంలో శిక్షకునితో నేర్చుకొని, ఆ తరువాతనే దీనిని ఎక్కుతారు.

రెండవ కుర్చీ వచ్చినదంటే ధ్రువపత్రం తప్పదు. దానికై 2004లో ‘స్పోర్ట్ పైలట్’ అనే తరగతి ఏర్పడింది. అభ్యర్థికి 17 ఏండ్లు నిండవలెను, ఇంగ్లీషు చదవడం, వ్రాయడం, మాట్లాడడం రావలెను. వైద్య ధ్రువపత్రానికి బదులు అక్కడి మోటారు డ్రైవింగ్ లైసెన్సు చాలును. అయితే చివరిసారి కోరిన వైద్య ధ్రువపత్రం నిరాకరింపబడినవారికి ఈ వెసులుబాటు లేదు. 40 ప్రశ్నల వ్రాతపరీక్షలో నూటికి 70 మార్కులు రావలెను. విమానానికి కనీసం 20 గంటల అభ్యాసం విధించారు: అందులో 15 గంటలు శిక్షకునితో, 5 గంటలు ఒంటరిగా. ఒంటరిగా చేసే దూరప్రయాణం మొత్తం 75 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 139 కిలోమీటర్లు ఉండవలెను. ఈ 20 గంటలు కనీసం మాత్రమే. చాలమందికి అంతకంటె ఎక్కువే పడుతుంది. 2025 అక్టోబరు 22 నుండి ఈ పైలట్లకు నాలుగు కుర్చీల విమానాలు కూడా తెరచుకొన్నవి గాని, వెంట తీసుకొనిపోదగిన ప్రయాణికుడు ఇప్పటికీ ఒక్కడే.

ఇక జైరోప్లేన్. చూపునకు హెలికాప్టరు వలె ఉంటుంది, స్వభావం వేరు. తాటాకు ముక్కను ముల్లుకు గుచ్చి పిల్లలు పరుగెత్తితే అది గిరగిర తిరుగుతుంది. తిప్పేది చేయి కాదు, ఎదురుగాలి. జైరోప్లేన్ పైరెక్కలు కూడా అంతే. ఇంజను వాటిని తిప్పదు. యానాన్ని ముందుకు నెట్టుతుంది. కొద్దిగా వెనుకకు వాలిన రెక్కలలోనికి క్రిందినుండి గాలి దూరి వాటిని త్రిప్పుతుంది. ఇంజను ఆగినా రెక్కలు తిరుగుతూనే ఉంటవి, యానం మెల్లగా దిగుతుంది.

దీనిని సాధించినవాడు స్పెయిన్ దేశీయుడు హువాన్ దె లా సియెర్వా. ఆయన నిర్మించిన మూడు ఇంజన్ల విమానం 1919లో స్టాల్ అయి కూలింది. వేగం తగ్గినా పడిపోని యానం కావలెనని ఆయన పట్టుబట్టాడు. తొలి నమూనాలు ప్రక్కకు ఒరిగిపోయినవి, ఎందుకనగా ముందుకు వచ్చే రెక్కకు గాలి ఎక్కువగాను, వెనుకకు పోయే రెక్కకు తక్కువగాను తగులుతుంది. రెక్కలను మొదట కీలుతో అమర్చి పైకి క్రిందికి ఆడనిచ్చి ఆ తేడాను సరిచేశాడు. 1923 జనవరిలో ఆ యంత్రం ఎగిరింది. ఆయన మాత్రం 1936 డిసెంబరు 9న లండను దగ్గరి క్రాయిడన్‌లో, పొగమంచులో కూలిన మామూలు ప్రయాణికుల విమానంలో మరణించాడు.

జైరోప్లేన్ స్టాల్ కాదు కనుక నిరపాయమని కొందరు భ్రమపడతారు. గాలి క్రిందినుండి వస్తున్నంతవరకే రెక్కలు తిరుగుతవి. సాధారణ విమానం నడిపే అలవాటుతో కర్రను చటుక్కున ముందుకు తోస్తే రెక్కలమీది భారం తొలగిపోతుంది, వేగం పడిపోతుంది. ఇంజను నెట్టే శక్తి యానం బరువు కేంద్రానికి పైగా ఉన్న నిర్మాణాలలో ముక్కు క్రిందికి మళ్లి యానం తలక్రిందులవుతుంది. దానినుండి తేరుకొనే ఉపాయం లేదు. అనుభవం గల విమాన చాలకులే ఈ విధంగా ప్రాణాలు కోల్పోయినారు. ఏ చేతి అలవాటు విమానంలో కాపాడిందో, ఇక్కడ అదే ముంచుతుంది. అందుచేత విమాన ధ్రువపత్రం గల స్పోర్ట్ పైలట్ అయినా జైరోప్లేన్ నడపాలంటే ఒక శిక్షకుడు నేర్పి సంతకం చేయవలెను, మరొక శిక్షకుడు పరీక్షించి ఒప్పుకోవలెను. నేర్పినవాడే పరీక్షించరాదనే ఈ నియమం మాకు ఎంతో నచ్చింది. మన పరీక్షల విషయంలో కూడా ఆలోచింపదగినది. కొత్తగా జైరోప్లేన్‌తోనే ప్రారంభించేవారికి గంటలు విమానానికి వలెనే, 15, 5. ఒంటరి దూరప్రయాణం మాత్రం 50 నాటికల్ మైళ్లు.

అమెరికా పౌరులు కాని మన విద్యార్థులు స్పోర్ట్ పైలట్ శిక్షణగా విమానం నేర్వదలిస్తే, ముందుగా అక్కడి రవాణా భద్రతా సంస్థ అనుమతి పొందవలసి ఉంటుంది. ఇక్కడనే ఉన్నవారికి ఎన్.సి.సి. వైమానిక విభాగంలో మైక్రోలైట్ ఎక్కే అవకాశం ఉన్నది. ఆసక్తి గలవారు తమ విభాగాధికారిని కలిసి ఈ సంవత్సరపు చేరికల తేదీలు కనుగొనవచ్చును.