సముద్రంలో గ్లైడర్.. కామారెడ్డి వానకు ఏం సంబంధం?

2025 ఆగస్టు చివర్లో పడ్డ వానను కామారెడ్డి, ఎల్లారెడ్డి జనం ఇప్పట్లో మర్చిపోరు. కాలనీలు మునిగాయి, రోడ్లు తెగాయి, రైళ్లు ఆగిపోయాయి. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. దీనికి కారణమైన అల్పపీడనం పుట్టింది మాత్రం ఒడిశా తీరం దగ్గర బంగాళాఖాతంలో.

అందుకే వానల అంచనా మెరుగుపడాలంటే సముద్రం సంగతి తెలియాలి. శాటిలైట్‌కు కనిపించేది పైనీరే. లోపలి వేడి, ఉప్పు, ప్రవాహం కొలవడానికి వాడే యంత్రాల్లో ఒకటి అండర్‌వాటర్ గ్లైడర్.

ఇది దాదాపు మనిషంత పొడవుంటుంది. చిన్న రెక్కలుంటాయి, ప్రొపెల్లర్ ఉండదు. లోపలి నూనెను బయటి సంచిలోకి పంపితే సంచి ఉబ్బి గ్లైడర్ పైకి తేలుతుంది. నూనెను వెనక్కి లాగితే మునుగుతుంది. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు రెక్కల వల్ల ముందుకు జారుతుంది. 1000 మీటర్ల లోతు దాకా వెళ్లి, పైకొచ్చాక శాటిలైట్ ద్వారా లెక్కలు పంపుతుంది. బ్యాటరీ తక్కువే ఖర్చవుతుంది కాబట్టి నెలల తరబడి తిరుగుతుంది.

దీని వేగం గంటకు సుమారు ఒక కిలోమీటరే. బలమైన ప్రవాహం తగిలితే కొట్టుకుపోతుంది. సైంటిస్టులకు అదే పనికొస్తుంది. ఈతగాడు అవతలి ఒడ్డున ఎంత కిందికి చేరాడో చూస్తే వాగు జోరు తెలిసిపోతుంది కదా. అలాగే గ్లైడర్ తేలాల్సిన చోటుకు, నిజంగా తేలిన చోటుకు ఉన్న తేడాను బట్టి ప్రవాహం ఎటు, ఎంత వేగంగా పోతోందో లెక్కకడతారు.

2016 జూన్, జూలైలో బెంగళూరు ఐఐఎస్‌సీ, బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ తదితర సంస్థల సైంటిస్టులు 'సింధు సాధన' నౌకలో వెళ్లి దక్షిణ బంగాళాఖాతంలో ఇలాంటి గ్లైడర్లు వదిలారు. వానాకాలంలో అక్కడ ఒక పెద్ద ప్రవాహం అరేబియా సముద్రపు ఉప్పు నీటిని శ్రీలంక చుట్టూ తిప్పి బంగాళాఖాతంలోకి తెస్తుంది. బంగాళాఖాతం పైపొరలో మాత్రం నదుల మంచినీరు ఎక్కువ. మన మంజీరా కూడా గోదావరిలో కలిసి అక్కడికే చేరుతుంది. మంచినీరు తేలిక, ఉప్పు నీరు బరువు. ఈ పొరలు ఎలా కలుస్తాయన్నదాన్ని బట్టి పైనీటి వేడి మారుతుంది. ఆ వేడే అల్పపీడనాలకు బలం.

రేపు ఏ ఊళ్లో ఎంత వాన పడుతుందో గ్లైడర్ చెప్పదు. అది పంపే లెక్కలతో సముద్రం తీరు తెలిస్తే, అంచనాలు వేసే కంప్యూటర్ మోడళ్లు మెరుగవుతాయి. సముద్ర సమాచారం, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే. సైన్స్ చదివే మన పిల్లలకు సముద్రం అంత దూరమేమీ కాదు.