రాహుకేతువుల ఊళ్లో ఆకాశ పాఠం

గ్రహణం పడితే దాదాపు గుళ్లన్నీ మూసేస్తారు. శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంటుంది. నింగి కబుర్లు చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంది?

2025 సెప్టెంబరు 7, ఆదివారం, పౌర్ణమి. మధ్యాహ్నం మూడున్నరకే తిరుమల గుడి తలుపులు మూశారు. రాత్రి 11 గంటలకు చంద్రుడు పూర్తిగా భూమి నీడలోకి జారి, 82 నిమిషాలు అందులోనే ఉండిపోయాడు. నీళ్ల బిందెల మీద, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, కడుపుతో ఉన్నవాళ్లను గడప దాటనివ్వని రాత్రి అది.

తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాళహస్తి ఆనవాయితీ వేరు. రాహుకేతు క్షేత్రం కాబట్టి ఇక్కడ గ్రహణమంటే తలుపులు వేసుకునే వేళ కాదు, అభిషేకాలు చేసే వేళ. మామూలు రోజుల్లోనూ సర్పదోష పూజ కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తూనే ఉంటారు. ఖగోళం గురించి ఉపన్యాసం పెడితే ఏ ఊళ్లోనైనా జనాన్ని పోగు చెయ్యడమే పెద్ద పని. ఈ ఊళ్లో ఆ కష్టం లేదు. ఆకాశంలోని రెండు బిందువుల పేరు చెప్పుకుని జనమే వచ్చి వరసలో నిలబడతారు.

గాజుల్లో గ్రహణం

అవును, బిందువులే. అర్థం కావాలంటే టెలిస్కోపు అక్కర్లేదు, ఏ గాజుల అంగడికి వెళ్లినా చాలు. రెండు-ఆరు సైజు గాజు ఒకటి, రెండు-నాలుగు సైజుది ఒకటి తీసుకోండి. పెద్దది ఆకాశంలో సూర్యుడు నడిచే దారి, చిన్నది చంద్రుడి దారి. చిన్నదాన్ని పెద్దదాని లోపల పెట్టి కాస్తంత వాల్చండి. అసలు వాలు సుమారు 5 డిగ్రీలే. చిన్న గాజు సగం పైకి లేస్తుంది, సగం కిందికి దిగుతుంది. రెండూ ఒకే ఎత్తులో కలిసేది రెండు చోట్లే. ఒకటి రాహువు, రెండోది కేతువు.

పౌర్ణమి నెలనెలా వస్తున్నా గ్రహణం ఎందుకు రాదంటే జవాబు ఈ గాజుల్లోనే ఉంది. చంద్రుడు ఆ కలిసే చోటికి దగ్గర్లో ఉన్నప్పుడు పౌర్ణమి వస్తేనే భూమి నీడ అతడి మీద పడుతుంది. లేదంటే నీడకు పైగానో కిందగానో తప్పించుకుపోతాడు.

పంచాంగం చూసేవాళ్లందరికీ తెలిసిన మాటలు కొన్ని ఉన్నాయి. రాహుకేతువులు ఎప్పుడూ ఎదురెదురుగానే ఉంటారు. ఎప్పుడూ వెనక్కే నడుస్తారు. ఒక్కో రాశిలో ఏడాదిన్నర ఉంటారు. చంద్రుడి దారి మెల్లగా వెనక్కి తిరుగుతూ 18.6 ఏళ్లకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. దాన్ని పన్నెండు రాశులకు పంచితే వచ్చేది ఆ ఏడాదిన్నరే. సిద్ధాంతి లెక్కా, ఖగోళ శాస్త్రజ్ఞుడి లెక్కా ఇక్కడ ఒక్కటే.

వాయుక్షేత్రం, ఎర్ర చంద్రుడు

పంచభూత లింగాల్లో ఇక్కడిది వాయులింగం. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు మాయమైపోకుండా రాగి చెంబులా ఎర్రబడటానికి కారణమూ వాయువే. మన భూమి చుట్టూ ఉన్న గాలిపొర ఎండలోని నీలాన్ని చెదరగొట్టి, ఎరుపును వంచి నీడలోకి పంపుతుంది. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో 1024 యాంటెన్నాల రాడారు ఆ గాలి కదలికల్నే కొలుస్తోంది. అటు సూళ్లూరుపేట దాటితే శ్రీహరికోట. అక్కడ రాకెట్టు లేవడాన్ని జనం కూర్చుని చూడటానికి 2019లో గ్యాలరీ కూడా కట్టారు. ఇన్నిటి మధ్య ఉన్న ఊరు శ్రీకాళహస్తి.

సంవాదం పాతదే

జనానికి నింగిని వివరించడం మనకు కొత్త కాదు. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి వనపర్తి వెళ్లారు. అదే గ్రహణం కోసం ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో విడిది చేశారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటబోతున్నాడని తెలిసి, రఘునాథాచారి దాని గురించి చిన్న పుస్తకం రాసి, కొన్ని దేశభాషల్లోనూ వేయించారు. పంచాంగాన్ని కంటికి కనిపించే ఆకాశంతో సరిపోయేలా దిద్దాలని పట్టుబట్టిన మనిషి ఆయన. సిద్ధాంతులను వెక్కిరించలేదు, వాళ్లతో మాట్లాడారు.

ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. గ్రహణంలోనే రోకలి నిలబడుతుందని పల్లెల్లో అంటారు. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు మామూలు రోజునే రోకలి నిలబెట్టి చూపించారు. వాదన పెట్టుకోకుండా చేసి చూపిస్తే చూసినవాళ్లు మర్చిపోరు.

నిమిషంలో పద్దెనిమిదేళ్లు

తారామండలం సత్తా కూడా అలా చేసి చూపించడంలోనే ఉంది. హైదరాబాదు నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియాన్ని 1985 సెప్టెంబరు 8న ఎన్.టి. రామారావు ప్రారంభించారు. మన దగ్గరికొస్తే, తిరుపతి అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. తారామండలం గుమ్మటం కింద దీపాలు ఆరిపోగానే, ఊరి వెలుతురులో మనం పోగొట్టుకున్న చుక్కలన్నీ ఒక్కసారిగా నెత్తి మీదికి వస్తాయి. అంతకన్నా పెద్ద వింత, అక్కడ కాలాన్ని పరిగెత్తించొచ్చు. కంటికి అందని రాహువు వెనకనడక, 18.6 ఏళ్ల చుట్టు, ఒక్క నిమిషంలో చూపించొచ్చు.

అయితే పూజకు వచ్చినవాళ్లు తిరిగి బస్సెక్కి గుమ్మటం దాకా వెళ్లరు. పాఠమే వాళ్ల దగ్గరికి రావాలి. స్వర్ణముఖి ఒడ్డున ఒక బల్ల, ఒక టెలిస్కోపు, తెలుగులో తీరిగ్గా చెప్పే మనిషి ఒకరు, అంతే. సూర్యగ్రహణానికైతే ప్రత్యేక కళ్లద్దాలు తప్పనిసరి. చంద్రగ్రహణానికి వట్టి కళ్లు చాలు.

ముహూర్తం కూడా ముందే ఖాయమై ఉంది. 2028 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం కోసం దేశమంతా మేలుకుని ఉండే వేళ, సంపూర్ణ చంద్రగ్రహణం. ఆ రాత్రీ కాళహస్తిలో జనం బారులు తీరుతారు. ఆ వరసలో ఏ చిన్నపిల్లో తలెత్తి ఎర్ర చంద్రుణ్ని చూసి, అమ్మ చేతి గాజు ఒక్కటి తీసిమ్మని అడిగితే చాలు, పాఠం మొదలైనట్టే.