గడ్డ కరిగినా మిగిలే కణాలు

మన అనంతపురంలో వేరుశనగ వేసే రైతుకు తుంగ సంగతి బాగా తెలుసు. పైన ఆకు ఎండినా భూమిలో గడ్డ బతికే ఉంటుంది. నాలుగు చినుకులు పడితే మళ్లీ మొలుస్తుంది.

క్యాన్సర్‌లోనూ ఇలాంటిదే జరుగుతుంది. జెఫిటినిబ్ అనే మాత్ర కొందరి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కణాలను పెంచే ఒక ప్రోటీన్‌నే గురిపెట్టి ఆపుతుంది. 2010లో బోస్టన్ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో అలాంటి కణాలకు ఈ రకం మందు పెట్టగా, వెయ్యికి దాదాపు 3 కణాలు మిగిలాయి. మందు ఆపి కొంతకాలం పెంచితే అవే మళ్లీ మందుకు లొంగాయి. అంటే జన్యువుల్లో రాత మారలేదు. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది గుర్తులు మారాయి. తరగతిలోనైతే మేము ఇలా చెబుతాం: పుస్తకం అదే, తెరిచిన పేజీలు వేరు. దీన్నే ఎపిజెనెటిక్ మార్పు అంటారు. ఆ గుర్తులను మార్చే ఎంజైములను అడ్డుకునే మందు తోడిస్తే, ప్రయోగశాలలో మిగిలిన కణాలూ చాలావరకు చచ్చాయి. ఈ దారిలో పరిశోధనలు సాగుతున్నాయి.

అందుకే దాతలకు మా మనవి ఒకటే. స్కానింగ్‌లో గడ్డ కరిగిందనగానే రోగికి సాయం ఆపవద్దు. తర్వాతి పరీక్షలకూ, ఆస్పత్రికి వెళ్లే చార్జీలకూ చేయూత కావాలి. డాక్టరు చెప్పనిదే రోగి మందు మానకూడదు. జబ్బు తిరగబెట్టినా, మీరిచ్చింది వృథా పోయిందనుకోకండి.