ఇంటికి తొలి కంప్యూటర్: ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయరాదు?

ఇంటర్మీడియట్ దాటిన పిల్లలున్న ఇంట్లో నేడు తప్పక వినిపించే మాట "కంప్యూటర్ కావాలి" అన్నది. సెల్‌ఫోన్‌లో పాఠం వినవచ్చు. కాని ప్రోగ్రాములు రాయడం, లెక్కల పట్టికలు తయారు చేయడం, ప్రాజెక్టు నివేదిక టైపు చేయడం అరచేతి తెరపై సాగే పనులు కావు. ఈ అవసరం తీర్చడానికి ఇంటి పెద్ద వెచ్చించేది చాలాసార్లు ఏడాది పొడవునా కూడబెట్టిన సొమ్ము. అందుచేత దుకాణంవారు రాసిచ్చిన కొటేషన్‌కు తలూపి రావడం కన్నా, అందులోని ఒక్కొక్క భాగం ఎందుకోసమో తెలుసుకుని వెళ్ళడం మేలు.

హాస్టల్లో ఉండి చదివే పిల్లలకు ల్యాప్‌టాపే తగినది. ఇంటిల్లిపాదీ వాడుకునే యంత్రం కావాలంటే మాత్రం విడి భాగాలతో కూర్చుకునే డెస్క్‌టాప్‌లో రెండు లాభాలున్నాయి. ఒక భాగం చెడిపోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. నేడు సరిపడినంత కొని, రేపు అవసరాన్ని బట్టి పెంచుకోవచ్చు. ఈ రెండవ లాభం నుంచే ఒక సూత్రం పుడుతుంది: తర్వాత చేర్చుకోగలిగిన వాటిపై ఇప్పుడు పొదుపు చేయండి, తర్వాత మార్చడం కష్టమైన వాటిపై, మిగతా భాగాలను కాపాడే వాటిపై పొదుపు చేయకండి.

ముందు పని, తర్వాత పరికరం

అంగడికి వెళ్ళే ముందు ఇంట్లో అందరూ కూర్చుని, ఈ కంప్యూటర్‌పై జరగబోయే పనులు ఒక కాగితంపై రాయాలి. డిగ్రీ చదువు, ప్రోగ్రామింగ్, ఆన్‌లైన్ తరగతులు, దుకాణం లెక్కలు, తెలుగు, ఉర్దూ టైపింగ్, కొద్దిపాటి ఫోటో పని. పట్టిక ఇంతవరకే ఉంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. భవన నమూనాలు గీయడం, పెద్ద వీడియోల ఎడిటింగ్, భారీ ఆటలు ఉన్నప్పుడే దాని అవసరం కలుగుతుంది. అది కూడా తర్వాత బిగించుకోగలిగినదే.

రెండవ జాగ్రత్త మొత్తం ఖర్చుకు సంబంధించినది. 40 వేల రూపాయలు సిద్ధం చేసుకున్న కుటుంబం ఆ మొత్తాన్నీ పెట్టెలోని భాగాలకే కేటాయించరాదు. మానిటర్, యూపీఎస్, కీబోర్డు, మౌస్‌లకే అందులో నాలుగో వంతుకు పైగా పోతుంది. కొటేషన్ అడిగేటప్పుడు ఇవన్నీ కలిపి, 18 శాతం జీఎస్టీతో సహా రాసివ్వమని కోరాలి.

ప్రాసెసర్, మదర్‌బోర్డు

కంప్యూటర్‌కు మెదడు వంటిది ప్రాసెసర్. మనం రాసుకున్న పనులకు ఇంటెల్ కోర్ ఐ3-12100 గాని, ఏఎండీ రైజెన్ 5 5600జీ గాని చాలును. మొదటిదానిలో 4 కోర్లు, రెండవదానిలో 6 కోర్లు ఉంటాయి. రెండింటిలోనూ తెరపై బొమ్మను చూపే గ్రాఫిక్స్ విభాగం లోపలే ఉంటుంది. ఇక్కడ ఒక్క అక్షరం వద్ద జాగ్రత్త వహించాలి. ఐ3-12100ఎఫ్ అనే రకం కొంత చౌకగా దొరుకుతుంది. చివరనున్న 'ఎఫ్' అక్షరానికి అర్థం లోపల గ్రాఫిక్స్ లేదని. గ్రాఫిక్స్ కార్డు లేకుండా దానిని బిగిస్తే యంత్రం నడుస్తుంది గాని తెర మాత్రం నల్లగానే ఉంటుంది.

ప్రాసెసర్‌కూ మదర్‌బోర్డుకూ జోడీ కుదరాలి. ఐ3-12100 కూర్చునే సాకెట్ పేరు ఎల్‌జీఏ1700. 5600జీ కూర్చునేది ఏఎం4. ఒకదానికి చేసిన బోర్డుపై మరొకటి పట్టదు. ఎల్‌జీఏ1700 బోర్డు ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లను స్వీకరిస్తుంది కనుక కొన్నేళ్ళ తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. పాత ఏఎం4 బోర్డులు కొన్ని 5600జీని గుర్తించాలంటే బయోస్‌ను కొత్తది చేయవలసి వస్తుంది. ఆ పని చేసి ఇచ్చారా లేదా అన్నది కొనేటప్పుడే అడగాలి. మదర్‌బోర్డును మార్చడమంటే పెట్టె అంతా విప్పడమే. కనుక మరీ అడుగు రకం కాక, ర్యామ్ స్లాట్లు కనీసం రెండు, ఎన్‌వీఎంఈ స్లాట్ ఒకటి ఉన్న బోర్డు ఎంచుకోవాలి.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 అని రెండు రకాలు నేడు దొరుకుతున్నాయి. ఒకదాని స్లాట్‌లో మరొకటి దూరదు. ఒకే పేరుతో అమ్మే బోర్డులలో సైతం కొన్ని డీడీఆర్4కు, కొన్ని డీడీఆర్5కు చేసినవి ఉంటాయి. పెట్టెపై చదివి చూసుకోవాలి. 16 జీబీ ఉంటే పని సాఫీగా సాగుతుంది. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం నిర్మిస్తున్న భారీ డేటా కేంద్రాలు మెమరీ చిప్‌లను పెద్ద ఎత్తున కొనుగోలు చేయడం ఇందుకు ముఖ్య కారణం. చేతిలో సొమ్ము చాలనప్పుడు ఇప్పటికి ఒక 8 జీబీ కడ్డీ తీసుకుని, రెండవ స్లాట్‌ను ఖాళీగా ఉంచుకోవచ్చు. తర్వాత అదే రకం కడ్డీని జత చేస్తే మెమరీ రెట్టింపు కావడమే కాక, రెండు దారుల గుండా సమాచారం నడిచి, ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ కూడా చురుకవుతుంది.

నిల్వ కోసం ఎస్‌ఎస్‌డీయే తీసుకోవాలి. తిరిగే పళ్ళెం ఉన్న హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 150 నుంచి 200 మెగాబైట్లు చదువుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ 550 వరకు, మూడవ తరం ఎన్‌వీఎంఈ 3,500 వరకు చదవగలవు. కంప్యూటర్ తెరుచుకోవడంలో కలిగే నిరీక్షణను తగ్గించేది ఈ మార్పే. 500 జీబీతో మొదలుపెట్టి, స్థలం చాలనప్పుడు మరొకటి చేర్చుకోవచ్చు.

తగ్గించరాని ఖర్చు

కొటేషన్‌లో అందరూ దాటవేసే వరుస ఎస్‌ఎంపీఎస్. గోడ నుంచి వచ్చే కరెంటును ఒక్కొక్క భాగానికి తగినట్లు మార్చి అందించేది అదే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే పేరులేని ఎస్‌ఎంపీఎస్‌పై "500 వాట్లు" అని అచ్చువేసి ఉన్నంత మాత్రాన అది అంత శక్తిని నిలకడగా ఇస్తుందని కాదు. మనం చెప్పుకున్న ప్రాసెసర్లకు విడి కార్డు లేనప్పుడు 450 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ ఎక్కువే. కావలసినది పెద్ద అంకె కాదు, నాణ్యత. '80 ప్లస్' ముద్ర, పేరున్న తయారీ, లిఖితపూర్వక వారంటీ చూడాలి. ఇక్కడ మిగిల్చిన వెయ్యి రూపాయలు ఒక వోల్టేజీ పోటుతో బోర్డును, ఎస్‌ఎస్‌డీని, అందులోని పిల్లల ప్రాజెక్టులను కలిపి తీసుకుపోవచ్చు. యూపీఎస్, సరైన ఎర్తింగ్ కూడా ఈ కోవలోనివే. రంగుల దీపాలున్న క్యాబినెట్, గాజు తలుపు, ఖరీదైన కీబోర్డు మాత్రం నిస్సంకోచంగా తగ్గించుకోదగినవి.

పాత సామాను విషయం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి అంగళ్ళకు వెళ్తే పక్కపక్కనే చాలా దుకాణాలుంటాయి. ఒకే పట్టికతో మూడు చోట్ల కొటేషన్ తీసుకోవడం సులభం. పాత కార్యాలయాల నుంచి వచ్చిన కంప్యూటర్లు చాలా చౌకగా లభించడం కూడా నిజమే. వాటి ప్రాసెసర్ ఏ తరానిదో తప్పక అడగాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం, లేదా అంతకు పైబడిన ప్రాసెసర్లనే స్వీకరిస్తుంది. రెండవ, మూడవ తరం యంత్రాన్ని కొనేవారు దానిపై లినక్స్ వాడుకోవడానికి సిద్ధపడి కొనాలి. పాత మానిటర్, పాత క్యాబినెట్ తీసుకోవచ్చు. పాత ఎస్‌ఎంపీఎస్, వాడిన ఎస్‌ఎస్‌డీ మాత్రం వద్దు.

అప్పు, బిల్లు, అమానత్

"వడ్డీ లేని వాయిదాలు" అనే ప్రకటన చూసి చాలామంది సందేహంలో పడుతుంటారు. ఈ పథకాలలో చాలావాటిలో బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. ఆ మేరకు అమ్మకందారు ధర తగ్గించి చూపుతాడు. వడ్డీపై జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము అదనం. వడ్డీకి దూరంగా ఉండదలచిన కుటుంబానికి విడి భాగాల పద్ధతి ఒక దారి చూపుతుంది: ఉన్న సొమ్ముతో నడిచే యంత్రాన్ని ముందు నిలబెట్టి, రెండవ ర్యామ్ కడ్డీ, రెండవ ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు సొమ్ము సమకూరినప్పుడు చేర్చుకోవడం. అయితే నెలకొక భాగం కొని అటకపై దాచడం సరికాదు. కొన్న రోజు నుంచే వారంటీ కరిగిపోతుంది. పైగా బిగించి చూడనిదే లోపం బయటపడదు. ప్రధాన భాగాలన్నీ ఒకేసారి కొని, వెంటనే బిగించి పరీక్షించాలి.

బిల్లు లేకుంటే ధర తగ్గిస్తామనే మాటకు లొంగకూడదు. పన్ను ఎగవేతలో భాగస్వాములం కావడం ఒక నష్టం. వారంటీ కోల్పోవడం మరొక నష్టం. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లుపై ఉండాలి. ప్రాసెసర్‌ను ముద్ర విప్పని పెట్టెలోనే తీసుకోవాలి. విడిగా అమ్మే 'ట్రే' రకానికి సాధారణంగా తయారీదారు వారంటీ గాని, ఫ్యాన్ గాని రావు.

అలాగే "విండోస్ ఉచితంగా వేసి ఇస్తాం" అన్నప్పుడు అది దొంగ నకలు కాదు కదా అని విచారించాలి. ఇతరుల శ్రమ మన వద్ద అమానతే. లైసెన్సు కొనే స్తోమత ప్రస్తుతానికి లేకపోతే ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి ధర్మబద్ధంగానే ఉచితం. లిబ్రేఆఫీస్‌లో చదువుకు కావలసిన ఉత్తరాలు, పట్టికలు అన్నీ తయారవుతాయి. తెలుగుతో పాటు ఉర్దూ, అరబీ కీబోర్డులు వీటిలో చేర్చుకోవచ్చు. నస్తాలీఖ్ రాతకు నోటో నస్తాలీఖ్ ఉర్దూ అక్షరాలు ఉచితంగా దొరుకుతాయి.

చివరగా, కొనుగోలుకు వెళ్ళేటప్పుడు దానిపై చదువుకోబోయే అమ్మాయిని, అబ్బాయిని వెంట తీసుకువెళ్ళండి. పట్టిక వారి చేతే రాయించండి, ప్రశ్నలు వారి చేతే అడిగించండి. ఏ భాగం ఎందుకు కొన్నామో, ఏది ఎందుకు వద్దనుకున్నామో ఎరిగిన పిల్లలకు ఆ యంత్రం విలువతో పాటు, దాని వెనుకనున్న తల్లిదండ్రుల కష్టం విలువ కూడా తెలుస్తుంది.