మీకు తెలుసా? ప్లగ్ బయట వెలిగినా లోపల వెలగకపోవచ్చు!

పాత బుల్లెట్ ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందంటే, దాని ఒకే ఒక్క సిలిండరులో సెకనుకు 25 సార్లు పెట్రోలు మండుతోందన్నమాట. అందులో ఒకటి రెండు తప్పినా సీటు మీద కూర్చున్నవాళ్లకు తెలిసిపోతుంది. దాన్నే ‘మిస్సింగ్’ అంటాం. పాత బండి కొత్తగా కొన్నవాళ్లు వెంటనే స్పార్క్ ప్లగ్ మార్చేస్తారు, మర్నాడు కార్బొరేటర్ విప్పేస్తారు. పానా పట్టుకునే ముందు చూడాల్సింది బండి ఎప్పుడు మిస్సవుతోందన్నది. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? నిలబెట్టినప్పుడా, రేజ్ ఇచ్చినప్పుడా?

బయల్దేరినప్పుడు బాగానే ఉండి, కొంత దూరం వెళ్లాక తడబడి, ఆగిపోయి, కాసేపు నిలబెడితే మళ్లీ బుద్ధిగా స్టార్టయ్యే బండి అయితే ముందు పెట్రోలు ట్యాంకు మూత తీయండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుందా? దొంగ దొరికినట్టే. పెట్రోలు దిగినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్లడానికి మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. దుమ్మో తుప్పో పట్టి అది మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. ఖర్చు ఒక పిన్నీసు!

మూత తీసినా అదే వరసైతే కండెన్సరునో, ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్‌నో అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, వేడెక్కగానే చేతులెత్తేయడం ఈ రెంటికీ అలవాటు. కాయిల్‌కు వెళ్లే కరెంటును కలిపి, విడగొట్టే పాయింట్లున్న బండైతే వాటి మూత తీసి ఇంజను నడుస్తుండగా చూడండి. పాయింట్ల మధ్య చిన్నగా, మసకగా మెరిస్తే ఫరవాలేదు. తెల్లగా, జోరుగా మెరుస్తుంటే కండెన్సరు పోయినట్టే లెక్క. పాయింట్లు విడిపోయినప్పుడు కరెంటు ఆ సందులోంచి దూకకుండా పట్టి ఉంచడమే దాని ఉద్యోగం. అది పోతే పాయింట్లు కాలిపోతాయి, ప్లగ్ దగ్గర మెరుపు నీరసిస్తుంది.

ఈ పాయింట్లు, కాయిల్ ఏర్పాటుకు ఆద్యుడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. 1910 నాటి క్యాడిలాక్ కార్లలో వచ్చిన పద్ధతే మన పాత బుల్లెట్ల దాకా నడిచింది.

బుల్లెట్ హెడ్‌లైటు పైన ఉండే ఆమ్మీటరును చాలామంది అలంకారమనుకుంటారు. తాళం తిప్పి, కిక్ రాడ్‌ను కాలితో నెమ్మదిగా నొక్కుతూ ఆ ముల్లును గమనించండి. పాయింట్లు కలిసినప్పుడు మైనస్ వైపు కొంచెం ఒరుగుతుంది, విడిపోగానే మధ్యకు వస్తుంది. అసలు కదలకపోతే పాయింట్ల మీద మురికైనా ఉండాలి, వాటికి కరెంటైనా అందకపోతుండాలి. మైనస్ దగ్గరే ఉండిపోతే పాయింట్లు విడిపోవడం లేదు. వాటి సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక్క స్క్రూ విప్పకుండానే ఇంత సమాచారమిస్తుంది ఆ ముల్లు. అయితే ముల్లు బతికున్న బుల్లెట్ దొరకడమే ఈ రోజుల్లో అదృష్టం.

ఇక అసలు తిరకాసు. ప్లగ్ విప్పి, క్యాప్ తగిలించి, దాన్ని ఇంజను లోహానికి ఆనించి కిక్ కొడతాం. నీలంగా మెరవగానే ‘కరెంటు బాగానే ఉంది’ అని తేల్చేస్తాం. కానీ బయట ఉన్నది మామూలు గాలి. సిలిండరులో పిస్టన్ అదిమిపెట్టిన గాలి ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు. ఒత్తిడి పెరిగినకొద్దీ అదే సందును దాటడానికి మెరుపుకు ఎక్కువ వోల్టేజి కావాలి. బలహీనపడిన కాయిల్ బయట నెగ్గుకొచ్చి లోపల ఓడిపోతుంది. ఖాళీ రోడ్డు మీద చక్కగా పోయే బండి, వెనక ఒకరిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మిస్సవడానికి ఇదొక కారణం. యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ సిలిండరులోకి చేరే గాలి ఎక్కువ, దాంతో ఒత్తిడీ ఎక్కువ. పైగా వాడగా వాడగా ప్లగ్ కొస అరిగి సందు పెద్దదవుతుంది. కాబట్టి బయట మెరుపు లేకపోతే లోపం ఖాయం, ఉంటే మాత్రం నిర్దోషి అని తీర్పు చెప్పలేం. ఒక జాగ్రత్త: ప్లగ్ విప్పిన రంధ్రానికి దూరంగా పెట్టి కిక్ కొట్టండి, అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది.

ప్లగ్ ఎలాగూ విప్పారు కాబట్టి దాని కొస రంగు కూడా చూడండి. బిస్కెట్ రంగైతే క్షేమం. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ. ఫోర్‌స్ట్రోక్ బండి ప్లగ్ మీద జిడ్డు నలుపుంటే ఇంజనాయిల్ పైకి వస్తోంది.

కార్బొరేటరులో ఏ భాగం మొరాయిస్తోందో విప్పకుండా తెలుసుకోవాలంటే యాక్సిలరేటర్ పిడి మీద ఒక తెల్ల టేపు ముక్క, పక్కన పావు, సగం, ముప్పావు గుర్తులు చాలు. పావు లోపు పెత్తనం ముఖ్యంగా పైలట్ జెట్‌ది, మధ్యలో సూదిది, ముప్పావు దాటాక మెయిన్ జెట్‌ది. టేపు ఎక్కడుండగా మిస్సవుతోందో చూస్తే తగాదా ఎవరితోనో తెలుస్తుంది. అప్పుడే చోక్ కాస్త వేసి చూడండి. నయమైతే పెట్రోలు చాలట్లేదు, లేదా ఎక్కడో గాలి దొంగదారిన చొరబడుతోంది. ఇంకా పాడైతే పెట్రోలే ఎక్కువైంది.

వానాకాలంలోనే మిస్సయ్యే బండిని చీకట్లో స్టార్ట్ చేసి ప్లగ్ వైరు వైపు చూడండి. పగుళ్లుంటే సన్నగా నీలి మెరుపులు కనిపిస్తాయి. చెయ్యి పెట్టకండి, వేల వోల్టులు!

ఆర్ఎక్స్ 100, పాత యజ్దీలాంటి టూస్ట్రోక్ బండ్లు నిలబెట్టినప్పుడు లయ తప్పి టప్ టప్‌మంటే కంగారు పడక్కర్లేదు. యాక్సిలరేటర్ దాదాపు మూసి ఉన్నప్పుడు పాత పొగ పూర్తిగా బయటికి పోదు, దాంతో కొన్ని చుట్లు మండకుండా పోవడం మామూలే. రెండు సిలిండర్ల రాజ్‌దూత్ 350లో ఏ సిలిండరు మిస్సవుతోందో తెలియాలంటే, చల్లని ఇంజను స్టార్ట్ చేసిన నిమిషంలో రెండు సైలెన్సరు గొట్టాల మీదా చెరో నాలుగు నీటి చుక్కలు చిలకరించండి. ఏ గొట్టం మీద చుక్క ఆవిరవకుండా జారిపోతుందో, మిస్సవుతున్నది ఆ సిలిండరే.